ఇంట గెలిస్తే రచ్చలో దెబ్బ.. రచ్చ గెలవాలంటే ఇంట్లో పోరు! 2025లో ఆస్ట్రేలియా ప్రతిపక్ష నేతగా సుసాన్ లీ ముందున్న ప్రశ్న.. 2028 దాకా నిలుస్తారా?

ఆస్ట్రేలియాలో తర్వాతి జాతీయ ఎన్నికలు 2028లో. 2025 అక్టోబర్ నాటికి వాటికి ఇంకా రెండున్నరేళ్ల టైమ్ ఉంది. సాధారణంగా అయితే ఈ దశలో ప్రతిపక్ష నేత ప్రధాని అవుతారా, అవ్వరా అని లెక్కలు వేస్తారు. కానీ అప్పుడు అక్కడ చర్చ అంత దూరం కూడా వెళ్లలేదు. సుసాన్ లీ ఆ ఎన్నికల దాకా అసలు కుర్చీలో ఉంటారా అన్నదే అప్పట్లో అందరి నోటా వినిపించిన ప్రశ్న.

2025 మే 13న ఆమె లిబరల్ పార్టీ పగ్గాలు చేపట్టారు. ఫెడరల్ స్థాయిలో ఆ పార్టీకి తొలి మహిళా నాయకురాలు ఆమే. ఐదు నెలలు తిరగకముందే మిత్రపక్షం ఒకసారి విడిపోయి మళ్లీ కలిసింది. ఇద్దరు కీలక నేతలు ముందు బెంచీల నుంచి బయటికొచ్చారు.. ఒకరిని ఆమే తీసేశారు, మరొకరు తనంతట తానే తప్పుకున్నారు. సర్వేల్లో కూటమి గ్రాఫ్ రికార్డు స్థాయికి పడిపోయింది.

విశేషం ఏంటంటే.. ఈ రెండు గొడవలకూ మూలం వలసల అంశమే. అందులో ఒకటి నేరుగా భారతీయుల గురించి. అందుకే సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో ఉన్న తెలుగు కుటుంబాలకు, అక్కడికి వెళ్లాలనుకుంటున్న మన స్టూడెంట్స్‌కి కూడా ఈ కుర్చీలాట సంబంధం లేని విషయం కాదు.

ఎవరీ సుసాన్ లీ?

పుట్టింది నైజీరియాలో. తల్లిదండ్రులు ఇంగ్లండ్ వాళ్లు. 13 ఏళ్ల వయసులో ఆస్ట్రేలియా వచ్చారు. అంటే ఆమె కూడా వలస వచ్చిన వ్యక్తే. పైలట్ లైసెన్స్ ఉంది. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌లో పనిచేశారు. గొర్రెల ఉన్ని కత్తిరించే షెడ్లలో పనివాళ్లకు వంట చేశారు. తర్వాత పన్నుల శాఖలో ఉద్యోగం. 2001లో న్యూ సౌత్ వేల్స్‌లోని ఫారర్ అనే గ్రామీణ నియోజకవర్గానికి ఎంపీ అయ్యారు.

ఆమె గురించి తెలుగు వాళ్లకు బాగా కనెక్ట్ అయ్యే విషయం ఇంకోటి ఉంది. ఇంగ్లీష్‌లో ఆమె పేరు మధ్యలో ఒక 'ఎస్' ఎక్కువగా ఉంటుంది. న్యూమరాలజీ చదివి, ఒక అక్షరం కలిపితే జీవితం మారుతుందనిపించి యువతిగా ఉన్నప్పుడు ఆమే చేర్చుకున్నారు. ఈ మాట ఆమె స్వయంగా ఒక ఇంటర్వ్యూలో చెప్పారు.

పేరులో అక్షరం కలిపినంత తేలిక కాదు పార్లమెంటులో సీట్లు కలపడం. అక్కడి లెక్కే వేరు.

ముందు నంబర్లు చూద్దాం

2025 మే 3న జరిగిన ఎన్నికల్లో మొత్తం 150 సీట్లకు గాను ప్రధాని ఆంథోనీ ఆల్బనీస్ నాయకత్వంలోని లేబర్ పార్టీ 94 గెలిచింది. లిబరల్-నేషనల్ కూటమికి వచ్చింది 43. మిగతా 13 స్వతంత్రులు, చిన్న పార్టీలవి.

మెజారిటీకి కావాల్సింది 76. అంటే కూటమి తన దగ్గర ఉన్నవన్నీ నిలబెట్టుకుని, పైగా 33 సీట్లు కొత్తగా గెలవాలి. అదే లేబర్ వైపు నుంచి చూస్తే, మెజారిటీ పోవాలంటే 19 సీట్లు చేజారాలి. ఒక్క ఎన్నికతో తిరగరాయడం దాదాపు అసాధ్యం అని చాలామంది అనేది ఈ అంకెలు చూసే.

ఆ ఎన్నికలో మరో అరుదైన ఘటన కూడా జరిగింది. అప్పటి ప్రతిపక్ష నేత పీటర్ డటన్ తన సొంత సీటు డిక్సన్‌లోనే ఓడిపోయారు. 2001 నుంచి ఆయన చేతిలో ఉన్న సీటు అది. ఆస్ట్రేలియా ఫెడరల్ చరిత్రలో ప్రతిపక్ష నేత ఎన్నికల్లో సొంత సీటు కోల్పోవడం అదే మొదటిసారి.

సర్వేలో లీడ్.. బ్యాలెట్‌లో బోల్తా

డటన్ కథ ఇక్కడ గుర్తు చేసుకోవాల్సిందే. ఎందుకంటే ప్రతిపక్ష నేత అవకాశాలపై అంచనాలు ఎంత వేగంగా తలకిందులవుతాయో అది చెబుతుంది.

2023 అక్టోబర్‌లో ఆదివాసీలకు రాజ్యాంగంలో గుర్తింపు ఇచ్చి, పార్లమెంటుకు సలహా ఇచ్చే 'వాయిస్' ఏర్పాటు చేసే ప్రతిపాదనపై రెఫరెండం జరిగింది. ఆల్బనీస్ 'ఎస్' అన్నారు. డటన్ 'నో' అన్నారు. దాదాపు 60 శాతం జనం 'నో' వైపు నిలబడ్డారు. అక్కడి నుంచి డటన్ గ్రాఫ్ పెరిగింది. 2025 మొదట్లో కొన్ని సర్వేల్లో కూటమి లేబర్‌ను దాటేసింది కూడా.

సీన్ కట్ చేస్తే.. ఏప్రిల్ నాటికి అంతా మారిపోయింది. ప్రభుత్వ ఉద్యోగులకు వర్క్ ఫ్రమ్ హోమ్ ఆపేస్తామని ప్రకటించి, వ్యతిరేకత రావడంతో ఎన్నికల మధ్యలోనే వెనక్కి తీసుకున్నారు. ఏడు చోట్ల అణు విద్యుత్ కేంద్రాలు కడతామన్న హామీ ఖర్చు లెక్కల్లో చిక్కుకుంది. అమెరికాలో ట్రంప్ టారిఫ్‌లు మొదలయ్యాక, ఆయన తరహా రాజకీయం అన్న ముద్ర డటన్‌కు బరువైంది. ఫలితం, రెండు పార్టీల మధ్య తుది పోలికలో లేబర్‌కు 55 శాతానికి పైగా.

అంటే ఏంటి? ఎన్నికలకు ఆరు నెలల ముందు ఉన్న ఆధిక్యం గెలుపు కాదు. అదే లాజిక్ తిప్పి చూస్తే, రెండున్నరేళ్ల ముందు ఉన్న వెనుకబాటు కూడా ఓటమి కాదు. సుసాన్ లీ మద్దతుదారులు పట్టుకున్న పాయింట్ సరిగ్గా ఇదే.

ఓటింగ్ పద్ధతి మనలా ఉండదు

మన ఎంపీ, ఎమ్మెల్యే ఎన్నికల్లో ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వాళ్లే గెలుపు. ఆస్ట్రేలియాలో అలా కాదు. ఏపీ, తెలంగాణల్లో పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో అభ్యర్థుల పేర్ల ఎదురుగా 1, 2, 3 అని నంబర్లు వేస్తారు కదా.. అక్కడి ప్రతినిధుల సభ ఎన్నిక కూడా ఆ తరహాలోనే. అందరికీ వరుసగా నంబర్లు ఇవ్వాలి. ఎవరికీ సగానికి మించి మొదటి ప్రాధాన్య ఓట్లు రాకపోతే, కింది నుంచి ఒక్కొక్కరిని తీసేస్తూ వాళ్ల ఓట్లను తర్వాతి ప్రాధాన్యం ప్రకారం పంచుతారు. పైగా ఓటు వేయడం తప్పనిసరి. సరైన కారణం లేకుండా మానేస్తే 20 డాలర్ల ఫైన్.

దీని ప్రభావం ఏంటంటే, ఇష్టం లేని జనం ఇంట్లో కూర్చుంటారన్న ఆశ అక్కడ పనిచేయదు. అందరూ వస్తారు. తమ వర్గాన్ని మాత్రమే ఊపేసి, ఎదుటి వర్గం రాకుండా చూసుకుని గెలవడం కుదరదు. మొదటి ఓటు వేయని వాళ్లకు కనీసం రెండో ఎంపికగా, మూడో ఎంపికగా నచ్చాలి.

2025లో లేబర్‌కు వచ్చిన మొదటి ప్రాధాన్య ఓట్లు 34.6 శాతమే. కూటమికి దాదాపు 32 శాతం. తేడా మూడు శాతం కూడా లేదు. కానీ సీట్లలో 94 - 43. ఎందుకు? గ్రీన్స్‌కి, స్వతంత్రులకు మొదటి ఓటు వేసిన వాళ్లలో ఎక్కువమంది తర్వాతి నంబర్లలో లేబర్‌ను పైన పెట్టారు, కూటమిని కింద పెట్టారు. లిబరల్స్ అసలు జబ్బు ఇక్కడే ఉంది. వాళ్లు ఎవరికీ రెండో ఎంపిక కాలేకపోతున్నారు.

నగరాలు పోయాయి

ఆస్ట్రేలియా అంటే విశాలమైన మైదానాలు, గొర్రెల మందలు గుర్తుకొస్తాయి. కానీ జనం ఉండేది నగరాల్లో. సీట్లు ఉండేదీ అక్కడే.

లిబరల్స్ పరిస్థితి చూడండి. అడిలైడ్ నగరంలో మిగిలిన ఒక్క సీటు స్టర్ట్ కూడా పోయింది. టాస్మానియాలో ఐదు సీట్లుంటే ఒక్కటీ లేదు. రాజధాని కాన్‌బెర్రాలో సున్నా. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్, పెర్త్‌లలో మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సిడ్నీలో కంచుకోట లాంటి బ్రాడ్‌ఫీల్డ్ కేవలం 26 ఓట్ల తేడాతో స్వతంత్ర అభ్యర్థి నికోలెట్ బోల్‌కు వెళ్లింది. మెల్‌బోర్న్‌లో గోల్డ్‌స్టీన్ సీటును టిమ్ విల్సన్ 175 ఓట్ల తేడాతో వెనక్కి తెచ్చుకోవడం ఒక్కటే ఊరట.

'టీల్' అని పిలిచే స్వతంత్రులు 2022లోనే లిబరల్స్‌కు పెద్ద దెబ్బ కొట్టారు. ఆర్థికంగా లిబరల్స్‌కు దగ్గరగా ఉంటూ, వాతావరణ మార్పులు, మహిళల ప్రాతినిధ్యంపై వాళ్లతో విభేదించే అభ్యర్థులు వీళ్లు. ఎక్కువమంది మహిళలే. అప్పటి ఆర్థిక మంత్రి జోష్ ఫ్రైడెన్‌బర్గ్ కూడా కూయాంగ్‌లో వీళ్ల చేతిలోనే ఓడారు. బాగా చదువుకున్న, బాగా సంపాదించే నగర ఓటర్లు ఒకప్పుడు కళ్లు మూసుకుని లిబరల్స్‌కు వేసేవాళ్లు. ఇప్పుడు వాళ్లకు వేరే దారి దొరికింది.

ఈ ఓటర్లను వెనక్కి తేకుండా 76కు చేరే మార్గం లేదు. సుసాన్ లీకి ఈ విషయం తెలుసు. బాధ్యతలు తీసుకున్నాక ఆమె మాట్లాడింది ఆధునిక ఆస్ట్రేలియాను గౌరవించడం గురించి, దానికి అద్దం పట్టడం గురించి. జూన్‌లో నేషనల్ ప్రెస్ క్లబ్‌లో మాట్లాడుతూ, పార్టీలో మహిళల సంఖ్య పెంచి తీరాలని గట్టిగా చెప్పారు. పద్ధతి ఏదైనా తనకు అభ్యంతరం లేదన్నారు. లేబర్ పార్టీ 1994లోనే మహిళా కోటా పెట్టుకుంది. ఈరోజు ఆ పార్టీ ఎంపీల్లో సగానికి పైగా మహిళలే. లిబరల్స్‌లో మాత్రం కోటా మాట ఎత్తితేనే వ్యతిరేకత మొదలవుతుంది.

మరి ఆమెను ఎన్నుకున్నదెవరు?

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. ప్రతిపక్ష నేతను నిలబెట్టేది, పడగొట్టేది ఓటర్లు కాదు. పార్టీ ఎంపీలు, సెనేటర్లు.

మే 13న ఓటేసింది 54 మంది. సుసాన్ లీకి 29, ఆమెపై పోటీ చేసిన యాంగస్ టేలర్‌కు 25. ఇద్దరు మనసు మార్చుకుంటే సమానం. ముగ్గురు మార్చుకుంటే కుర్చీ పోయినట్టే. పైగా ఆ రోజు ఓటేసిన వాళ్లలో కొందరు సెనేటర్ల పదవీకాలం జూన్ 30తో ముగిసిపోయింది. అంటే ఆమెను గెలిపించిన లెక్క కూడా ఆ తర్వాత అలాగే లేదు.

ఇంకో విషయం. 2010 నుంచి 2018 మధ్య ఆస్ట్రేలియాలో నలుగురు ప్రధానులను సొంత పార్టీలే దించేశాయి. కెవిన్ రడ్, జూలియా గిలార్డ్, టోనీ అబాట్, మాల్కం టర్న్‌బుల్. ఈ పరిణామాలతో రెండు పార్టీలూ రూల్స్ మార్చుకున్నాయి. కానీ లిబరల్స్ పెట్టుకున్న మూడింట రెండొంతుల మెజారిటీ రక్షణ, ఎన్నికల్లో గెలిచి ప్రధాని అయిన నేతకు మాత్రమే. ప్రతిపక్ష నేతకు ఆ గొడుగు లేదు. సాధారణ మెజారిటీ చాలు, దించేయొచ్చు.

మరి ఆ పార్టీ రూమ్‌లో మిగిలిందెవరు? నగర సీట్లు పోయాయి కాబట్టి నగరాల ఎంపీలూ పోయారు. మిగిలిన వాళ్లలో గ్రామీణ, శివారు ప్రాంతాల నుంచి వచ్చిన కన్జర్వేటివ్‌ల బలం పెరిగింది. దీనికి తోడు మిత్రపక్షం నేషనల్స్. గ్రామీణ పార్టీ అయిన నేషనల్స్ తమ సీట్లను దాదాపుగా కాపాడుకున్నారు. 43 మందిలో 15 మంది నేషనల్స్ గదిలో, 28 మంది లిబరల్స్ గదిలో కూర్చున్నారు. మే 20న కూటమి నుంచి బయటికి వెళ్లిపోయి, ఎనిమిది రోజులకు తిరిగొచ్చి, తమ బలం ఏంటో వాళ్లు అప్పుడే చూపించేశారు.

ఇంట గెలిచి రచ్చ గెలవాలంటారు. సుసాన్ లీ సమస్య ఏంటంటే, ఇంట గెలవడానికి ఏం చేయాలో, రచ్చ గెలవడానికి సరిగ్గా దానికి రివర్స్ చేయాల్సి వచ్చింది. పార్టీ రూమ్ కుడి వైపు లాగింది. 33 సీట్లు మాత్రం రెండో వైపు ఉన్నాయి.

నెట్ జీరో మంట

ఈ లాగుడు కనిపించే మొదటి చోటు వాతావరణ విధానం. 2050 నాటికి కర్బన ఉద్గారాలను నికరంగా సున్నాకు తెస్తామని 2021లో స్కాట్ మోరిసన్ ప్రభుత్వమే ఒప్పుకుంది. అంటే అది కూటమి ఇచ్చిన మాటే. 2025లో నేషనల్స్‌లో చాలామంది, లిబరల్స్‌లో కొందరు దాన్ని వదిలేయాలన్నారు. అప్పటి నేషనల్స్ ఎంపీ బార్నబీ జాయిస్ ఏకంగా నెట్ జీరో రద్దుకు ప్రైవేట్ బిల్లే తెచ్చారు.

ఇదే సమయంలో లేబర్ ప్రభుత్వం సెప్టెంబర్ 18న 2035 లక్ష్యం ప్రకటించింది. 2005తో పోలిస్తే ఉద్గారాలు 62 నుంచి 70 శాతం తగ్గించడం. కరెంట్ బిల్లుల మోత మోగుతున్న ఇళ్లకు దీనిపై ప్రశ్నలున్నాయి. ప్రతిపక్షానికి ఇది మంచి ఛాన్స్. కానీ ప్రశ్న అడగాలంటే ముందు తమ జవాబు ఏంటో తెలియాలి కదా. లక్ష్యం ఉంచితే నేషనల్స్ తిరగబడే పరిస్థితి ఉండేది. వదిలేస్తే టీల్ సీట్లు తిరిగి రావడం కల్ల. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

భారతీయుల మీద మాట.. పదవి మీద వేటు

రెండో చోటు వలసలు. మనకు దగ్గరగా వచ్చే కథ ఇదే.

కొవిడ్ తర్వాత ఆస్ట్రేలియాకు వలసలు ఒక్కసారిగా పెరిగాయి. 2022-23లో నికర వలసలు 5 లక్షలు దాటాయి. ఆ తర్వాత తగ్గుతూ వస్తున్నా, ఇళ్ల అద్దెలు, ఇళ్ల కొరత మీద జనంలో అసహనం ఉంది. అది నిజమైన సమస్యే. ఆ అసహనాన్ని కొందరు మనుషుల మీదకు మళ్లించారు. ఆగస్టు 31న పలు నగరాల్లో వలసల వ్యతిరేక ర్యాలీలు జరిగాయి. వాటి ప్రచార కరపత్రాల్లో భారతీయుల ప్రస్తావన ప్రత్యేకంగా పెట్టారు.

మూడు రోజులకే, సెప్టెంబర్ 3న, లిబరల్ సెనేటర్ జసింటా ప్రైస్ ఏబీసీ ఇంటర్వ్యూలో మరింత ఆజ్యం పోశారు. లేబర్‌కు ఓట్లు వేస్తారనే ఆ ప్రభుత్వం భారతీయులను ఎక్కువగా రానిస్తోందన్నట్టు మాట్లాడారు. తర్వాత వలస విధానంలో వివక్ష లేదని వివరణ ఇచ్చారు కానీ, క్షమాపణ మాత్రం చెప్పలేదు.

ఈ వాదనలో పస ఎంత? ఆస్ట్రేలియాలో ఓటు హక్కు పౌరులకే. వీసా మీద దిగిన రోజే ఓటు రాదు. పౌరసత్వానికి సాధారణంగా నాలుగేళ్ల చట్టబద్ధ నివాసం ఉండాలి, అందులో చివరి ఏడాది పర్మనెంట్ రెసిడెంట్‌గా ఉండాలి. పీఆర్ రావడానికే చాలామందికి ఏళ్లు పడుతుంది. అలాంటప్పుడు ఓట్ల కోసం వీసాలు ఇస్తున్నారన్న మాట లెక్కకు నిలవదు.

సుసాన్ లీ వారం రోజులు ఆగారు. సెప్టెంబర్ 10న, సుసాన్ లీ నాయకత్వానికి మద్దతిస్తున్నారా అని విలేకరులు అడిగితే ప్రైస్ అవునని చెప్పలేదు. అదే రోజు ఆమెను షాడో మినిస్ట్రీ నుంచి తప్పించారు. ఆ వెంటనే భారత సంతతి ఆస్ట్రేలియన్లకు పార్టీ నాయకురాలిగా క్షమాపణ చెప్పారు.

ఇక్కడే డిబేట్ రెండుగా చీలింది. సరైన పని చేశారని, నగర ఓటర్లకు ఇదే కావాలని ఒక వర్గం. వారం రోజులు ఆగడంతో మంచి పేరు రాలేదు, వేటు వేయడంతో సొంత వర్గం దూరమైంది, రెండిందాలా నష్టమని మరో వర్గం. నిజానికి ఇద్దరి మాటలోనూ పాయింట్ ఉంది. మొదటి రోజే చెప్పి ఉంటే ఆ క్షమాపణకు ఉండే విలువ వేరు.

అది చల్లారకముందే అక్టోబర్ 3న ఆండ్రూ హేస్టీ రాజీనామా. మాజీ సైనికాధికారి, కన్జర్వేటివ్‌లు భవిష్యత్ నాయకుడిగా చూసే ఎంపీ. హోం వ్యవహారాలు చూస్తూ కూడా వలస విధానాన్ని తయారుచేసే పనిలో తనకు ప్రధాన పాత్ర లేదన్నది ఆయన కారణం. వెనుక బెంచీల్లో కూర్చున్న వాళ్లకు పార్టీ లైన్ దాటి మాట్లాడే స్వేచ్ఛ ఉంటుంది. అంటే ఇక ప్రతి మాటా నాయకత్వానికి పరీక్షే.

మన ఓటు ఎంత? లెక్క ఎక్కడ?

2021 జనాభా లెక్కల ప్రకారం ఆస్ట్రేలియాలో భారత్‌లో పుట్టిన వాళ్లు 6.7 లక్షలకు పైగా. ఇంట్లో తెలుగు మాట్లాడే వాళ్లు 2016లో 34 వేలకు పైగా ఉంటే, ఐదేళ్లలోనే సుమారు 60 వేలకు చేరారు. మొత్తం దేశ జనాభాతో పోలిస్తే ఇది చిన్న అంకె. కానీ ఎన్నికల్లో చూడాల్సింది మొత్తం ఎంత అని కాదు, ఎక్కడ ఉన్నారు అని.

భారత సంతతి కుటుంబాలు ఎక్కువగా ఉండేది సిడ్నీ పశ్చిమ, వాయవ్య శివార్లలో, మెల్‌బోర్న్ పశ్చిమ, ఆగ్నేయ శివార్లలో. పారమట్టా, గ్రీన్‌వే లాంటి సీట్లు వీటిలోనివే. ఇళ్ల లోన్లు, పిల్లల స్కూళ్లు, చిన్న వ్యాపారాలు, తక్కువ పన్నులు.. ఈ కుటుంబాల ఆలోచనలు చాలావరకు లిబరల్స్ సంప్రదాయ నినాదాలకు దగ్గరగానే ఉంటాయి. ప్రతిపక్షం గట్టిగా ప్రయత్నిస్తే రాబట్టుకోగలిగే ఓట్లివి. సరిగ్గా వీళ్లనే దూరం చేసుకుంటే, 26 ఓట్లతో సీట్లు చేతులు మారే దేశంలో ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు.

ఈ పాఠం ఆ పార్టీకి కొత్త కాదు. 2022 ఓటమి తర్వాత లిబరల్స్ సొంతంగా చేయించుకున్న సమీక్షలోనే, చైనా సంతతి ఓటర్లు ఎక్కువున్న సీట్లలో పార్టీకి పెద్ద దెబ్బ తగిలిందని తేలింది. అయినా 2025 పోలింగ్‌కు రెండు రోజుల ముందు, లేబర్ వాలంటీర్లలో చైనా గూఢచారులు ఉండొచ్చన్నట్టు ఆ పార్టీ సెనేటర్ ఒకరు టీవీలో మాట్లాడారు. ఆ వీడియో చైనీస్ సోషల్ మీడియాలో చుట్టేసింది. ఒకసారి చేతులు కాలినా మళ్లీ అదే మంటలో పెట్టడం అంటే ఇదే.

స్టూడెంట్స్ సంగతేంటి?

తెలుగు రాష్ట్రాల నుంచి ఆస్ట్రేలియా వెళ్లే విద్యార్థులకు ఒక క్లారిటీ అవసరం. వలసలు తగ్గించే విషయంలో లేబర్ మెత్తగా ఉంది, లిబరల్స్ మాత్రమే గట్టిగా ఉన్నారు అనుకుంటే పొరపాటు.

స్టూడెంట్ వీసా ఫీజును 2024 జులైలో 710 డాలర్ల నుంచి 1,600 డాలర్లకు, 2025 జులైలో 2,000 డాలర్లకు పెంచింది లేబర్ ప్రభుత్వమే. కొత్తగా వచ్చే విదేశీ విద్యార్థుల సంఖ్యకు 2025లో 2.7 లక్షల పరిమితి పెట్టి, 2026కు 2.95 లక్షలకు పెంచింది కూడా వాళ్లే. డటన్ ఇంకా ముందుకెళ్లారు. సంఖ్యను 2.4 లక్షలకు కుదిస్తామని, అగ్రశ్రేణి యూనివర్సిటీల్లో చేరేవాళ్లకు వీసా ఫీజు 5,000 డాలర్లు చేస్తామని, శాశ్వత వలసలను రెండేళ్ల పాటు 1.85 లక్షల నుంచి 1.4 లక్షలకు తగ్గిస్తామని ఎన్నికల్లో చెప్పారు.

2025 అక్టోబర్ నాటికి సుసాన్ లీ తన అంకెలు ప్రకటించలేదు. వలసలు తగ్గాలన్నారు కానీ, తప్పు వలసదారులది కాదు, ప్రభుత్వానిదన్నది ఆమె లైన్. నాయకత్వం మారితే మారేది మొదట ఈ టోనే. ప్రతిపక్షం స్వరం పెంచితే ప్రభుత్వం కూడా గట్టిగా కనిపించాలని చూస్తుంది. వీసా రూల్స్ బిగిసేది ఎక్కువగా అలాంటి పోటీలోనే.

చరిత్ర ఎవరి వైపు?

2025 సర్వేలు చూస్తే పరిస్థితి దారుణం. సెప్టెంబర్‌లో వచ్చిన న్యూస్‌పోల్‌లో కూటమి మొదటి ప్రాధాన్య ఓటు 27 శాతం. ఆ సర్వే చరిత్రలో అప్పటికి అదే అత్యల్పం. రెండు పార్టీల పోలికలో లేబర్ 58, కూటమి 42. పాలిన్ హాన్సన్ నేతృత్వంలోని వన్ నేషన్ పార్టీ మాత్రం మేలో వచ్చిన 6.4 శాతం నుంచి 10 శాతానికి ఎగబాకింది. కన్జర్వేటివ్‌లలో కంగారుకు కారణం ఈ రెండో అంకె. మన ఓట్లు కుడి వైపు కారిపోతున్నాయి, అటే జరుగుదాం అన్నారు.

వాళ్లు చూపించే ఉదాహరణ టోనీ అబాట్. 2009 డిసెంబర్‌లో ఒక్క ఓటు తేడాతో, 42-41తో, టర్న్‌బుల్‌ను దించి నాయకుడయ్యారు. కార్బన్ ట్యాక్స్‌కు అడ్డంగా నిలబడ్డారు. 2010లో లేబర్‌ను మైనారిటీకి దించారు. 2013లో 90 సీట్లతో ప్రధాని అయ్యారు. సూటిగా కుడి వైపు వెళ్లి గెలిచిన నాయకుడు ఉన్నాడు కదా అన్నది వాదన.

కానీ ఆ కథకు మరో సగం ఉంది. అదే అబాట్ 2019లో సిడ్నీలోని తన సొంత సీటు వారింగాలో స్వతంత్ర అభ్యర్థి జాలీ స్టెగాల్ చేతిలో ఓడిపోయారు. వాతావరణ అంశం మీదే. 2013లో పనిచేసిన ఫార్ములా, ఆరేళ్లలో ఆయన ఇంటి ముందే ఫెయిల్ అయింది. అబాట్‌ను గెలిపించిన నగర సీట్లు చాలావరకు ఇప్పుడు కూటమి చేతిలో లేవు. వన్ నేషన్‌కు పోయిన ఓటు రెండో ప్రాధాన్యంలో కొంతైనా కూటమికి తిరిగొస్తుంది. టీల్ అభ్యర్థికి పోయిన సీటు మాత్రం అలా తిరిగి రాదు.

మితవాదులు చూపించే ఉదాహరణ ఆల్బనీస్. 2019లో అందరూ గెలుస్తుందనుకున్న ఎన్నికలో లేబర్ ఓడింది. నాయకుడైన ఆల్బనీస్ తక్కువ హామీలు, తక్కువ గొడవలు అనే పద్ధతిలో మూడేళ్లు ఓపిక పట్టారు. 2022లో 77 సీట్లతో గట్టెక్కారు. అయితే ఆయనకు ఉన్నది, సుసాన్ లీకి లేనిది ఒకటుంది. ఆయన పార్టీ ఆయన్ను ఆ మూడేళ్లూ నిలవనిచ్చింది.

మరో వరుస ఉంది. అలెగ్జాండర్ డౌనర్ 1994 మేలో నాయకుడై, 1995 జనవరికల్లా దిగిపోయారు. బ్రెండన్ నెల్సన్ 2007లో వచ్చి 2008 సెప్టెంబర్‌లో పోయారు. ఇద్దరూ ఒక్క ఎన్నికలో కూడా పార్టీని నడిపించలేదు. లిబరల్ పార్టీ పెద్ద ఓటమి తర్వాత వచ్చే మొదటి నాయకుడిని తరచుగా దెబ్బలు తట్టుకునే షాక్ అబ్జార్బర్‌లా వాడుకుంటుంది. సుసాన్ లీ ఏ వరుసలో చేరతారన్నదే అప్పటి ప్రశ్న.

అసలు పోటీ ఎవరితో?

ఉన్న లెక్కలన్నీ కలిపి చూస్తే ఒకటి స్పష్టం. 2028లో కూటమి నేరుగా అధికారంలోకి రావడం చాలా కష్టం, నాయకుడు ఎవరైనా సరే. వాస్తవంలో వాళ్ల ముందున్న టార్గెట్ లేబర్ మెజారిటీని తగ్గించి, ఆ తర్వాతి ఎన్నికకు దారి వేసుకోవడం. దానికి కావాల్సిన 19 సీట్లు ఎక్కువగా నగర శివార్లలోనే ఉన్నాయి.

ఆ పనికి సుసాన్ లీ ఎంచుకున్న దారి సరైనదే. కానీ ఆ దారిలో నడవడానికి కావాల్సిన బలం ఆమె దగ్గర లేదు. 29-25తో వచ్చిన నాయకురాలు పార్టీని నగరాల వైపు తిప్పాలంటే వరుసగా కొన్ని విజయాలు చూపించాలి. అప్పటిదాకా జనం చూసింది విజయాలు కాదు, రాజీనామాలు. పైగా అప్పటికే ఆమె సొంత సీటు ఫారర్ కూడా మునుపటంత సేఫ్‌గా లేదు. 2025 మేలో స్వతంత్ర అభ్యర్థి మిషెల్ మిల్‌థోర్ప్ అక్కడ గట్టి పోటీ ఇచ్చారు.

నాయకత్వం మారితే ఏం మారుతుంది? పార్టీ రూమ్‌లో చప్పట్లు మోగొచ్చు. వన్ నేషన్ వైపు వెళ్లిన కొన్ని ఓట్లు వెనక్కి రావొచ్చు. కానీ అడిలైడ్‌లో సున్నా అలాగే ఉంటుంది. బ్రాడ్‌ఫీల్డ్ 26 ఓట్ల దూరంలోనే ఉంటుంది. పారమట్టాలోని భారతీయ కుటుంబం బ్యాలెట్ మీద నంబర్లు వేసేటప్పుడు సెప్టెంబర్‌లో ఎవరు ఏమన్నారో గుర్తు చేసుకుంటూనే ఉంటుంది.

2025 అక్టోబర్ నాటికి రెండు నిర్ణయాలు ఆమె ముందు ఉన్నాయి. ఒకటి, నెట్ జీరోపై కూటమి తుది మాట. రెండు, వలసలపై ప్రకటించే విధానం, అందులో వాడే భాష. ఈ రెండింటిలో ఆమె పార్టీ రూమ్‌కు లొంగితే కుర్చీకి కొన్నాళ్లు ఊపిరి దొరకొచ్చని, ఎన్నికల మ్యాప్ మాత్రం ఇంకా కుంచించుకుపోతుందని అప్పటి లెక్క. లొంగకపోతే మ్యాప్ మిగులుతుంది, కుర్చీ మిగలకపోవచ్చన్నది మరో లెక్క. ఆల్బనీస్ ప్రభుత్వం అప్పట్లో పెద్దగా టెన్షన్ పడకుండా కనిపించిందంటే, కారణం ఇదే.